ఉప్పు, మంచుగడ్డ, వైద్యుడు: మూడు శతాబ్దాల చుట్టరికం

ఇంట్లో పిల్లవాడికి ఒళ్ళు కాలితే థర్మామీటరు పెట్టి చూసి "నూట రెండు ఉంది" అంటాము. తెలుగునాట జ్వరాన్ని నేటికీ చాలామంది ఫారెన్‌హీట్ లెక్కలోనే చెప్పుకుంటారు. అయితే ఆ నూట రెండు దేనికి పైన నూట రెండు? ఆ కొలమానంలో సున్నా ఎక్కడున్నది? నీరు గడ్డకట్టే చోట లేదు. అది 32 వద్ద ఉన్నది. సున్నా ఉన్నది ఉప్పు కలిపిన మంచుగడ్డలో.

డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్ 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో తన కొలమానాన్ని వివరించాడు. మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమపు చల్లదనాన్ని ఆయన సున్నాగా తీసుకున్నాడు. నవాసారం అంటే మన ఊళ్ళలో ఇత్తడి పాత్రలకు కళాయి పూసేవారు వాడే ఉప్పు. ఉప్పు కలపని మంచునీటిని 32గా, ఆరోగ్యవంతుని నోటిలోనో చంకలోనో ఉండే వేడిని 96గా పెట్టుకున్నాడు. తరువాతి కాలంలో కొలమానాన్ని సరిదిద్దారు. జర్మన్ వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ వేలాది రోగులను పరీక్షించి 1868లో వెలువరించిన గ్రంథం వల్ల 98.6 అన్న అంకె ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అంటే రోగి మంచం పక్కన మనం చదివే ప్రతి అంకె వెనుకా ఒక గిన్నెడు మంచు, ఒక పిడికెడు ఉప్పు ఉన్నాయన్నమాట.

మంచుకూ ఉప్పుకూ వైద్యశాస్త్రంతో ఉన్న చుట్టరికం అక్కడితో ఆగదు. మంచు ఎందుకు కరుగుతుంది, ఉప్పు తగిలితే ఏమవుతుంది అన్న ప్రశ్నలను తేల్చినవారిలో పలువురు వైద్యులే. ఆ జ్ఞానం ఈ రోజు మన ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో పసిపిల్లల ప్రాణాలను కాపాడుతున్నది. అదే జ్ఞానం లోపిస్తే ఒక చెంచాడు ఉప్పు పసిపిల్లల రక్షణను నిశ్శబ్దంగా హరించగలదు. అందుకే ఈ చరిత్రను ఇక్కడ చెప్పదలచాను.

మాట మనది, వస్తువు పరాయిది

మాఘమాసపు తెల్లవారుజామున పెద్దాపురం పాండవుల మెట్ట వైపు చూస్తే మంచు కమ్మి ఉంటుంది. గడ్డిపరక మీద నిలిచిన బిందువునూ మంచు అంటాము, దారి కనిపించనీయని పొగనూ మంచు అంటాము, హిమాలయాల మీద పేరుకున్నదాన్నీ మంచు అంటాము. మాట ఒకటే కాని, చేతితో పట్టుకోగల గట్టి మంచు గోదావరి డెల్టాలో సహజంగా ఏర్పడదు. విశాఖ మన్యంలోని లంబసింగి వంటి ఎత్తైన చోట్ల శీతకాలపు రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు దిగుతుంది గాని, సముద్రమట్టానికి దగ్గరలో ఉన్న మనకు ఆ అవకాశం లేదు. కనుకనే గట్టి మంచు మన వీధుల్లోకి వచ్చినప్పుడు దాని పేరు కూడా దానితోబాటే వచ్చింది. దాన్ని మనం ఐసు అన్నాము.

ఉప్పు సంగతి వేరు. కాకినాడ తీరపు ఉప్పుమళ్ళు తరతరాలుగా మనవే. ఆ ఉప్పు మీద పన్నును ధిక్కరిస్తూ 1930లో కాకినాడ దగ్గరి చొల్లంగిలో ఉప్పు వండి సత్యాగ్రహం చేసిన జిల్లా మనది. ఉప్పు మన చేతిలో ఎప్పుడూ ఉన్నది. మంచు మాత్రం వేల మైళ్ళ నుంచి రావలసి వచ్చింది.

అక్బరు కొలువు నుంచి అలహాబాదు పళ్ళేల దాకా

మంచు లేకుండా చల్లదనాన్ని పుట్టించే విద్య మన దేశానికి కొత్త కాదు. అక్బరు కాలపు సంగతులను గ్రంథస్థం చేసిన అబుల్ ఫజల్ తన ఐన్-ఇ-అక్బరీలో, తుపాకిమందులో మంటలు రేపే పెట్లుప్పునే చక్రవర్తి నీళ్ళు చల్లబరచడానికి వాడించాడని రాశాడు. సురేకారం అని కూడా మనం పిలిచే ఈ పెట్లుప్పు నీటిలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని గ్రహిస్తుంది. ఆ నీటిలో మూతి బిగించిన లోహపు కూజాను తిప్పుతూ ఉంటే లోపలి తాగునీరు చల్లబడుతుంది. తరువాత కొలువు పంజాబుకు తరలినాక పర్వతాల నుంచి మంచును తెప్పించుకునే ఏర్పాటు జరిగింది.

మైదానాలలోనే మంచు తయారుచేసే పద్ధతిని సర్ రాబర్ట్ బార్కర్ అనే సేనాధిపతి 1775లో రాయల్ సొసైటీకి వివరించాడు. అలహాబాదు ప్రాంతంలో శీతకాలపు రాత్రులలో, లోతు తక్కువైన గోతులలో చెరకు పిప్పినో ఎండుగడ్డినో మందంగా పరచి, దాని మీద నున్నన చేయని పలుచని మట్టి పళ్ళేలను వరుసగా పేర్చి, కాచి చల్లార్చిన నీటిని కొద్దికొద్దిగా పోసేవారు. తెల్లవారేసరికి పళ్ళేలలో మంచు పలకలు సిద్ధమయ్యేవి. పొద్దు పొడవక ముందే వాటిని ఏరి, దట్టించి, గడ్డి కప్పిన గోతులలో వేసవి దాకా దాచేవారు. ఆ చుట్టుపక్కల చెరువులలో మంచు కట్టని రాత్రులలో కూడా ఈ పళ్ళేలలో కట్టేది.

ఇది ఎలా సాధ్యం? ఆ రహస్యాన్ని విప్పినవాడు లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్. 1814లో మంచుబిందువుల మీద ఆయన రాసిన వ్యాసం సుప్రసిద్ధం. మబ్బు లేని రాత్రి భూమి మీది ప్రతి వస్తువూ తన వేడిని ఆకాశంలోకి వెదజల్లుతుందనీ, కింద నుంచి వేడి రాకుండా గడ్డి అడ్డుకుంటే ఆ వస్తువు చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడుతుందనీ ఆయన నిరూపించాడు. మబ్బు పట్టినా గాలి వీచినా ఆ చల్లదనం నిలవదు. గాలిలో తేమ ఎక్కువైతే అది కూడా వేడిని పోనివ్వదు. సముద్రపు గాలి ఆడే మన కోస్తాలో అలహాబాదు పద్ధతి సాగకపోవడానికి కారణం ఇదే.

మంచు ఎందుకు ఆలస్యంగా కరుగుతుంది

వెల్స్‌కు ముందే స్కాట్లండ్‌లో ఇద్దరు వైద్యులు ఈ దారిని వేశారు. గురువు విలియం కల్లెన్, శిష్యుడు జోసెఫ్ బ్లాక్. గాలిని తోడివేసిన పాత్రలో ఈథరును ఆవిరి చేయిస్తే పక్కనున్న నీరు గడ్డకడుతుందని కల్లెన్ చూపించాడు. నేటి ఫ్రిజ్‌కు మూలసూత్రం అదే.

బ్లాక్ ప్రయోగం మరింత సులువైనది. ఒక గాజు పాత్రలో మంచు, మరొకదానిలో అంతే బరువు గల, మంచంత చల్లని నీరు. రెండింటినీ ఒకే గదిలో ఉంచాడు. నీరు కొన్ని డిగ్రీలు వేడెక్కడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అదే ఉష్ణోగ్రతకు చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. అంతసేపు గది ఇచ్చిన వేడి ఏమైంది? థర్మామీటరులో కనబడకుండా మంచును నీరుగా మార్చడానికే ఖర్చయింది. దీనికే మనం గుప్తోష్ణం అని పేరు పెట్టుకున్నాము. ఒక గ్రాము మంచు కరగడానికి సుమారు 80 కేలరీల వేడి కావాలి. అదే వేడి ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీల సెంటీగ్రేడుకు తీసుకుపోగలదు. మంచుగడ్డ నిదానంగా కరుగుతుందన్నా, నిలకడగా చల్లబరుస్తుందన్నా కారణం ఈ గుప్తోష్ణమే.

ఇక ఉప్పు. సున్నా డిగ్రీల వద్ద మంచుకూ దాని మీది నీటిపొరకూ మధ్య నిరంతరం రాకపోకలు జరుగుతుంటాయి. కొన్ని అణువులు మంచును విడిచి నీటిలోకి పోతాయి, అన్నే అణువులు నీటి నుంచి వచ్చి మంచులో చేరతాయి. జమాఖర్చులు సరిపోతాయి. ఆ నీటిలో ఉప్పు కరిగిందనుకోండి. మంచు స్ఫటికం తనలోకి ఉప్పును రానివ్వదు. ఉప్పు కలిసిన నీటి నుంచి మంచులోకి తిరిగి చేరే అణువులు తగ్గుతాయి. విడిచిపోయేవి మాత్రం తగ్గవు. కనుక మంచు కరుగుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే అంశం ఒకటున్నది. ఉప్పు మంచుకు వేడి ఇవ్వదు. కరగడానికి కావలసిన గుప్తోష్ణాన్ని మంచు తన నుంచీ తన పరిసరాల నుంచీ లాక్కుంటుంది. అందువల్ల ఉప్పు చల్లిన మంచు కరుగుతూనే ఇంకా చల్లబడుతుంది. మూడు పాళ్ళు నలగగొట్టిన మంచుకు ఒక పాలు ఉప్పు కలిపితే ఉష్ణోగ్రత సున్నాకు 21 డిగ్రీల దిగువ దాకా పోగలదు. అంతకు దిగువన మామూలు ఉప్పు మంచును కరిగించలేదు. కుండలో మంచు, ఉప్పు నింపి, వాటి నడుమ పాలు పోసిన డబ్బీలు దించి కుల్ఫీ గట్టిపరచేవారి పని అంతా ఈ సూత్రం మీదనే నడుస్తుంది. వట్టి మంచుతో పాలు కుల్ఫీగా గట్టిపడవు. పాలలోని పంచదార, లవణాల వల్ల వాటి ఘనీభవన స్థానం సున్నాకన్నా దిగువన ఉంటుంది గనుక.

ఎంత ఉప్పుకు ఎంత దిగుతుందన్న లెక్కను 1788లో ప్రకటించినవాడు చార్లెస్ బ్లాగ్డెన్. ఆయనా వైద్యుడే, బ్రిటిష్ సైన్యంలో పనిచేశాడు. నీటిలో కరిగిన పదార్థం పెరిగిన కొద్దీ ఘనీభవన స్థానం అదే నిష్పత్తిలో దిగుతుందని ఆయన తేల్చాడు. వంద సంవత్సరాల తరువాత ఫ్రాన్స్‌లో రౌల్, హాలండ్‌లో వాన్ట్ హాఫ్ దానికి అణువుల లెక్క కట్టారు. ఉప్పు కరిగి రెండుగా విడిపోతుంది, పంచదార విడిపోదు. కనుక అణువుకు అణువుగా చూస్తే ఉప్పు ప్రభావం రెట్టింపు.

ఈ లెక్క ఆసుపత్రిలో నేటికీ పనిచేస్తున్నది. మన రక్తంలోని ద్రవం సుమారు సున్నాకు అర డిగ్రీ దిగువన గడ్డకడుతుంది. రోగి రక్తం చిక్కబడిందా పలచబడిందా అని చూడడానికి, ఒక చుక్క ద్రవాన్ని గడ్డకట్టించి ఆ స్థానాన్ని కొలిచే యంత్రాలున్నాయి. పాలు కూడా ఇంచుమించు ఆ అర డిగ్రీ దిగువనే గడ్డకడతాయి. నీళ్ళు కలిపితే ఆ స్థానం సున్నా వైపు జరుగుతుంది. ఆ విధంగా కల్తీని పట్టుకుంటారు.

మీరు వంటింట్లో చేసి చూడదగ్గ పరీక్ష ఒకటి చెబుతాను. ఒక గ్లాసులో మంచినీళ్ళు, మరొకదానిలో బాగా ఉప్పు కరిగించిన నీళ్ళు, రెండూ గది వేడిలో ఉన్నవే తీసుకోండి. ఒకే పరిమాణం గల మంచుముక్కలను వాటిలో వేయండి, కలపకండి. ముందుగా కరిగేది ఏది? ఉప్పునీళ్ళలోదని అందరూ అంటారు. కాని మంచినీళ్ళలోనిదే ముందు కరుగుతుంది. మంచినీళ్ళలో కరిగిన చల్లని నీరు బరువెక్కి అడుగుకు దిగుతుంది, వెచ్చని నీరు పైకి వచ్చి ముక్కను తాకుతుంది. ఉప్పునీరు బరువైనది కనుక కరిగిన మంచినీరు పైనే తేలి, ముక్క చుట్టూ చల్లని దుప్పటిలా నిలుస్తుంది. కాబట్టి ఉప్పు మంచును కరిగిస్తుందన్న మాట ఒక్కటే చాలదు. గాలి, నీటి కదలిక, ముక్క పరిమాణం, కప్పిన గుడ్డ, అన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలి.

బోస్టన్ నుంచి మద్రాసుకు

ఈ లెక్కలన్నీ వ్యాపారంలో పెట్టి కోట్లకు పడగెత్తినవాడు అమెరికాలోని బోస్టన్ నగరవాసి ఫ్రెడెరిక్ ట్యూడర్. శీతకాలంలో గడ్డకట్టిన చెరువులను కోయించి, ఆ దిమ్మలను ఓడలకెత్తించాడు. 1833 మే నెలలో బోస్టన్ విడిచిన టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుతో బయలుదేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, సెప్టెంబరులో కలకత్తా చేరింది. దాదాపు 100 టన్నులు కరగకుండా మిగిలాయి. నాలుగు నెలల సముద్రయానంలో సగానికి పైగా నిలవడానికి కారణాలు రెండే. ఒకటి, దిమ్మలను ఒకదానికొకటి ఆనించి పేర్చి, గాలి సోకే వైశాల్యాన్ని తగ్గించడం. రెండు, రంపపు పొట్టు, ఎండుగడ్డి వంటివి దట్టించి, కరిగిన నీరు నిలవకుండా చూడడం. మన వైపు ఐసు దిమ్మను ఊకలో పూడ్చి తడి గోనెసంచి కప్పడం కూడా ఇదే విద్య.

1842 ప్రాంతంలో మద్రాసు సముద్రతీరాన ట్యూడర్ ఒక మంచు గిడ్డంగి కట్టించాడు. అప్పటికి మన గోదావరి మండలం మద్రాసు రాజధానిలో భాగం. ధవళేశ్వరం ఆనకట్ట పనులు ఇంకా మొదలుకాలేదు. ఎండ తాపానికి జ్వరపీడితులైన తెల్లదొరల కోసం, వారి భోజనపు బల్లల కోసం ఆ మంచు ఖర్చయ్యేది. 1846-47 శీతకాలంలో ట్యూడర్ మనుషులు కోసిన చెరువులలో వాల్డెన్ ఒకటి. దాని గట్టున ఉండిన తత్త్వవేత్త థోరో, మద్రాసు వాసులు తన చెరువు నీళ్ళు తాగుతున్నారని తన గ్రంథంలో ముచ్చటపడ్డాడు. మద్రాసులోని ఆ కట్టడంలోనే 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద బస చేశారు. నేడది వివేకానందర్ ఇల్లం. ఆ పేట మాత్రం ఇంకా ఐస్‌హౌస్‌గానే పిలవబడుతున్నది.

1870 దశకంలో మన దేశంలోనే మంచు తయారుచేసే యంత్రాలు వచ్చాక ఓడల మంచుకు కాలం చెల్లింది. అలాంటి యంత్రానికి అమెరికాలో 1851లో పేటెంటు పొందినవాడు డాక్టర్ జాన్ గోరీ. ఫ్లోరిడాలోని రేవు పట్టణంలో మలేరియా, పచ్చజ్వరం రోగుల గదులలో పైకప్పు నుంచి మంచు తొట్లు వేలాడదీసి గాలిని చల్లబరచేవాడు. చెడుగాలి వల్ల మలేరియా వస్తుందని ఆ కాలపు వైద్యుల నమ్మకం. నమ్మకం తప్పయినా, రోగికి ఉపశమనం కలిగించాలన్న తపన మంచు యంత్రాన్ని పుట్టించింది. గోరీ మాత్రం పెట్టుబడి దొరకక, నవ్వులపాలై, 1855లో కన్నుమూశాడు. మలేరియాకు దోమ వాహకమన్న నిజం 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ సూక్ష్మదర్శినిలో బయటపడింది.

ఐసు దిమ్మ తయారీలో ఉప్పు

పెద్దాపురానికి అటు సామర్లకోట, ఆ పైన కాకినాడ. చేపల రేవు ఉన్న ప్రతి చోటా ఐసు ఫ్యాక్టరీ ఉండవలసిందే. అక్కడ దిమ్మలు ఎలా తయారవుతాయో చూస్తే ఉప్పు మరో రూపంలో దర్శనమిస్తుంది. పెద్ద తొట్టి నిండా చిక్కని ఉప్పునీరు. అమ్మోనియా గొట్టాలు ఆ నీటిని సున్నాకు సుమారు పది డిగ్రీల దిగువకు చల్లబరుస్తాయి. ఉప్పు ఉన్నందువల్ల అది గడ్డకట్టకుండా ప్రవహిస్తూనే ఉంటుంది. అందులో దించిన రేకు డబ్బాలలోని మంచినీరు మాత్రం అంచుల నుంచి నడిమికి గడ్డకడుతుంది. మంచును కరిగించే ఉప్పే ఇక్కడ మంచును తయారుచేస్తున్నది.

దిమ్మ నడిమి భాగం తెల్లగా మసకబారి ఉండడం మీరు గమనించే ఉంటారు. స్ఫటికం కడుతూ తనలో ఇమడని లవణాలనూ గాలి బుడగలనూ నడిమికి నెట్టివేస్తుంది. అయితే దీన్నిబట్టి మంచు శుద్ధమైనదని భ్రమపడరాదు. సూక్ష్మక్రిములు అందులో చిక్కుకుని ఉండిపోతాయి. చలికి కొన్ని చస్తాయి గాని, కలరా, టైఫాయిడ్ క్రిములు మంచులో కొంతకాలం బతికే ఉంటాయి. కరిగిన మరుక్షణం అవి తమ పని మొదలుపెడతాయి. నీరు ఎలాంటిదో ఐసు అలాంటిదే.

ఆషాఢంలో మా మరిడమ్మ జాతరకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం తరలివస్తారు. మరిడి అన్న పేరులోనే కలరా వంటి మహమ్మారి భయం ఇమిడి ఉన్నది. మా పూర్వులు ఆ తల్లిని వేడుకున్నది ఆ ముప్పు నుంచి కాపాడమనే. అదే జాతరలో పిల్లల చేతికి రంగునీళ్ళ పుల్ల ఐసులు, పెద్దల చేతికి కొట్టిన ఐసు వేసిన షర్బతులు అందుతాయి. చేపలకు వాడే ఐసు తాగదగిన నీటితో చేసినది కాకపోవచ్చు. అది షర్బతు గ్లాసులోకి వస్తేనే ప్రమాదం. తినరాని ఐసును గుర్తించడానికి 2018లో మహారాష్ట్రలో దానికి నీలిరంగు కలపాలని నిబంధన తెచ్చారు. మీరు చేయదగింది సులభం. అమ్మేవారిని "ఈ ఐసు ఏ నీటితో చేశారు?" అని అడగండి. సమాధానం రాకపోతే ఐసు లేకుండా తాగండి. ఇంట్లో ఫ్రిజ్ గదిలో పోసే నీటిని కూడా కాచి చల్లార్చి పోయండి.

టీకాల పెట్టెలో చెంచాడు ఉప్పు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1985లో మన దేశంలో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలైంది. టీకాను తయారీ కేంద్రం నుంచి పల్లెలోని పసిబిడ్డ తొడ దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతూ తీసుకురావాలి. ఆరోగ్య కేంద్రంలో కరెంటు పోయినా చల్లదనం నిలవడానికి గోడల్లో మంచు పొర ఉన్న ఫ్రిజ్‌లు వాడతారు. జోసెఫ్ బ్లాక్ కనుగొన్న గుప్తోష్ణమే అక్కడ కాపలా కాస్తుంది. ఏ.ఎన్.ఎం. భుజాన వేసుకువెళ్ళే పెట్టెలో నాలుగు వైపులా ఐస్ ప్యాకులు ఉంటాయి.

వేడికి టీకా చెడుతుందని అందరికీ తెలుసు. గడ్డకడితే చెడిపోయే టీకాలున్నాయని కొందరికే తెలుసు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలలో పటిక జాతికి చెందిన అల్యూమినియం లవణం ఉంటుంది. గడ్డకడితే ఆ రేణువులు గుంపులుగా అంటుకుని, టీకా బలం పోతుంది. కరిగించినా మళ్ళీ రాదు. హెపటైటిస్-బి టీకా సున్నాకు అర డిగ్రీ దిగువనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. పోలియో చుక్కల మందు దీనికి విరుద్ధం. అది గడ్డకట్టినా చెడదు.

కాబట్టి ఫ్రీజరులో నుంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే పెట్టెలో పెట్టరాదు. అప్పుడది సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. బయట ఉంచి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీటి చప్పుడు వినిపించాక పెట్టాలి. మంచు, నీరు కలిసి ఉన్నాయంటే లోపల సరిగ్గా సున్నా డిగ్రీలు ఉన్నట్టు. ఆ చప్పుడే ఏ.ఎన్.ఎం. చేతిలోని థర్మామీటరు.

ఇందులో ఉప్పు వేస్తే? "ఉప్పు వేస్తే ఎక్కువసేపు చల్లగా ఉంటుంది" అనే సలహా నా ఉద్యోగకాలంలో ఒకటి రెండు చోట్ల విన్నాను. సదుద్దేశంతో చెప్పిన మాటే. కాని బ్లాగ్డెన్ లెక్క వేసి చూడండి. 400 మిల్లీలీటర్లు పట్టే ప్యాకులో 20 గ్రాముల ఉప్పు, అంటే ఒక పెద్ద చెంచాడు, వేస్తే అది సున్నాకు సుమారు 3 డిగ్రీల దిగువన గడ్డకట్టడం, కరగడం జరుగుతుంది. అప్పుడు ప్యాకును ఊపితే నీటి చప్పుడు వినిపిస్తుంది. పైన చెమట కూడా కనిపిస్తుంది. కాని లోపల ఉష్ణోగ్రత ఇంకా సున్నాకు దిగువనే. నమ్మకమైన పరీక్ష అబద్ధం చెబుతుంది. దాన్ని ఆనుకున్న సీసా గడ్డకట్టి, తరువాత కరిగి, ఏమీ ఎరగనట్టు సూదిలోకి ఎక్కుతుంది. సీసా మీద వేడికి రంగు మారే గుర్తు ఉంటుంది గాని, అది వేడిని మాత్రమే పట్టిస్తుంది, గడ్డకట్టడాన్ని కాదు. బిడ్డ ఏడుస్తుంది, కార్డులో తేదీ పడుతుంది, తల్లి నిశ్చింతగా ఇంటికి పోతుంది. రక్షణ మాత్రం ఉండదు. ఏళ్ళ తరువాత కంఠసర్పి వచ్చినప్పుడు "టీకా వేయించాము కదా" అంటారు.

అందుకే ప్యాకులలో మామూలు కుళాయి నీరే పోయాలి, ఉప్పు వేయరాదు. సీసా గడ్డకట్టిందేమోనని అనుమానం వస్తే, కావాలని గడ్డకట్టించి కరిగించిన అదే రకం సీసాతో కలిపి ఊపి పక్కపక్కన పెట్టి చూస్తారు. అనుమానం ఉన్న సీసాలో కూడా తెల్లని పొడి దానంత త్వరగా అడుగుకు దిగితే దాన్ని పారవేయాలి. ఈ చిన్న పరీక్ష ఎన్నో బాల్యాలను కాపాడింది.

వడదెబ్బకు మంచు, మనిషికి చెమట

2015 మే నెల ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. వడదెబ్బ తగిలిన మనిషిని చల్లబరచడంలో మంచు బలమెంత? అరవై కిలోల మనిషి ఒంటి వేడి ఒక డిగ్రీ సెంటీగ్రేడు తగ్గాలంటే సుమారు 50 కిలోకేలరీలు తీసివేయాలి. ఒక కిలో మంచు కరుగుతూ 80 కిలోకేలరీలు గ్రహిస్తుంది. ఒక లీటరు నీరు ఒంటి మీద ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీలు పోతాయి. అంటే చెమటకు మంచుకన్నా ఏడు రెట్ల శక్తి ఉన్నది. బ్లాగ్డెన్ మహాశయుడే 1775లో, నీరు మరిగే వేడికి మించిన గదిలో కొన్ని నిమిషాలు నిలిచి, అదే గదిలో మాంసం ఉడికిపోతుండగా తాను క్షేమంగా బయటికి వచ్చి, చెమట మహిమను లోకానికి చాటాడు. ఆ గది పొడిగా ఉన్నది. మన కోస్తా ఉక్కలో చెమట కారుతుందే గాని ఆరదు. కనుక ఇక్కడ తడిగుడ్డ, విసురుతో పాటు మంచు కూడా అవసరమే. స్పృహ తప్పిన మనిషిని నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసురుతూ, మెడ, చంకలు, గజ్జలలో గుడ్డ చుట్టిన ఐసు పెట్టి, వెంటనే ఆసుపత్రికి తరలించండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

బెణుకుకు ఐసు పెట్టేటప్పుడూ గుడ్డ అడ్డు ఉండాలి, 15-20 నిమిషాలకు మించరాదు. చక్కెర వ్యాధితో పాదాలు మొద్దుబారినవారు అక్కడ ఐసు పెట్టుకోవద్దు. ఐసులో ఉప్పు కలిపి ఒంటికి తాకించడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు. పిల్లలు పందెం కట్టి చేతి మీద ఉప్పు, ఐసు పెట్టుకునే ఆట విదేశాలలో పుట్టి వీడియోల ద్వారా ఇక్కడికీ వస్తున్నది. సున్నాకు ఎంతో దిగువకు పోయే ఆ మిశ్రమం నిమిషాలలో చర్మాన్ని కాల్చివేస్తుంది. ముందుగా తిమ్మిరి పట్టడం వల్ల నొప్పి తెలియదు, తెలిసేసరికి బొబ్బలు లేస్తాయి.

మన ఊళ్ళ నుంచి అమెరికా వెళ్ళిన పిల్లలు శీతకాలంలో ఇంటి ముందు ఉప్పు చల్లుతున్నామని ఫోనులో చెబుతుంటారు. చలి మరీ ముదిరితే ఆ ఉప్పు పనిచేయదనీ, అప్పుడు కాల్షియం క్లోరైడు చల్లుతారనీ వారికి తెలిసే ఉంటుంది. వారితో ఒక మాట చెప్పండి. పార పట్టి మంచు ఎత్తడం గుండెకు పెద్ద భారం. చలికి రక్తనాళాలు కుంచించుకుపోయి ఉన్న సమయంలో హఠాత్తుగా చేసే ఆ శ్రమ గుండెపోటుకు దారితీయవచ్చు. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు, చూడవచ్చిన తల్లిదండ్రులు ఆ పనికి దిగకూడదు.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి నాలుగు మాటలు. ఉప్పు మంచును కరిగిస్తుంది, కాని వేడి చేయదు, ఇంకా చల్లబరుస్తుంది. తాగే ఐసు తాగదగిన నీటితోనే తయారు కావాలి. ఒంటికి పెట్టే ఐసుకు గుడ్డ అడ్డు ఉండాలి, ఉప్పు దరి చేరరాదు. నాలుగోది ముఖ్యం. బిడ్డకు టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు, పెట్టెలోని ఐస్ ప్యాకును ఊపి చూస్తున్న ఏ.ఎన్.ఎం. అమ్మాయిని తొందరపెట్టకండి. ఆమె ఆ చప్పుడు విని పెట్టెలో పెట్టుకునే దాకా ఆగండి. ఆ రెండు నిమిషాల ఓపిక మీ బిడ్డకు జీవితకాలపు రక్షణ.